పుట్ అప్ విత్: ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థం, వాడుక

ఇంగ్లీషు చదువుకొనే మన పిల్లలకు పెద్ద మాటలు అంత కష్టం కావు. టాలరేట్, ఎండ్యూర్ వంటివి నిఘంటువు తీస్తే దొరుకుతాయి, బట్టీ పడితే వస్తాయి. కష్టమంతా చిన్న మాటలతోనే. పుట్ అంటే పెట్టు. అప్ అంటే పైకి. విత్ అంటే తోడి, లేక తో. ఈ మూడూ మూడో తరగతి పిల్లవాడికి కూడ తెలిసినవే. కాని మూడింటినీ ప్రక్కప్రక్కన పెట్టి పుట్ అప్ విత్ అంటే ఏమిటని అడిగితే బి.ఏ. చదివినవారు కూడ ఒక క్షణం ఆగుతారు. విడివిడిగా ఉన్న అర్థాలను కలిపితే ఏమీ రాదు. మూడూ కలిసినప్పుడు పుట్టే అర్థం వేరు: ఓర్చుకొనుట, భరించుట, ఇష్టం లేకపోయినా సరిపెట్టుకొనుట.

ఇలా ఒక క్రియకు అప్, ఆఫ్, అవుట్ వంటి చిన్న మాట తగిలించి కొత్త అర్థం తెచ్చే పద్ధతిని ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బ్ అంటారు. మనకూ ఇటువంటివి లేకపోలేదు. కడుపులో పెట్టుకోవడం అంటే ఎవరూ కడుపు కోసి ఏదో లోపల దాచుకోరు గదా! తప్పులుంటే కడుపులో పెట్టుకోండి అని పెళ్లివారిని బ్రతిమాలుకొంటాం. పరాయి భాషవాడు పెట్టు అన్న క్రియను ఎంత తరచి చూచినా ఈ అర్థం దొరకదు. పుట్ అప్ విత్ సంగతి కూడ అంతే. మనం రోజూ చేసే పనే ఇంగ్లీషువారూ చేశారని తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

మొదట దాని కట్టుబాటు చూద్దాం. ఈ మూడు మాటలను విడదీయకూడదు. దేనిని ఓర్చుకొంటున్నామో అది ఎప్పుడూ విత్ తరువాతనే వస్తుంది. ఐ పుట్ అప్ విత్ ద నాయిస్, అంటే ఆ గోలను ఓర్చుకొంటాను. ఐ పుట్ ద నాయిస్ అప్ విత్ అనకూడదు. ఇట్, హిమ్, దెమ్ వంటి సర్వనామాలైనా అదే చోటు: పుట్ అప్ విత్ ఇట్, పుట్ అప్ విత్ హిమ్. ఒక పనిని ఓర్చుకోవలసి వస్తే ఆ పనికి ఇంగ్ చేర్చాలి: షి పుట్స్ అప్ విత్ హిజ్ కమింగ్ లేట్, అంటే అతడు ఆలస్యంగా రావడాన్ని ఆమె ఓర్చుకొంటుంది. పుట్ అనే క్రియ భూతకాలంలో మారదు. పుటెడ్ అనే మాట ఇక్కడ లేదు. హి పుట్స్ అప్ విత్ ఇట్ అంటే ఇప్పుడు ఓర్చుకొంటున్నాడు, హి పుట్ అప్ విత్ ఇట్ అంటే అప్పుడు ఓర్చుకొన్నాడు. ఆ చివరి స్ ఒక్కటే తేడా. పలికేటప్పుడు బరువు అప్ మీద పడాలి, విత్ మీద కాదు.

ఈ మాట ఎక్కువగా కాదు, లేదు, ఇక చాలు అనే చోట్ల వినబడుతుంది. ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ ఎనీ లాంగర్: ఇక నేను ఓర్చుకోలేను. ఐ వోంట్ పుట్ అప్ విత్ దిస్: ఇది నేను సాగనివ్వను. ఈ రెండూ ఒకటి కావు. కాంట్ అన్నప్పుడు శక్తి అయిపోయింది. వోంట్ అన్నప్పుడు శక్తి ఉంది గాని ఒప్పుకోవడం లేదు. షోలాపూరు, భివండి వైపు స్థిరపడిన మనవారికి ఇది చెప్పనక్కర లేదు. మరాఠీలో ఖపవూన్ ఘేణార్ నాహీ అని గట్టిగా అన్నారంటే ఐ వోంట్ పుట్ అప్ విత్ దిస్ అనే మాటకు అది అచ్చంగా సరిపోతుంది. మద్రాసు ప్రాంతపు పిల్లలకు పొరుత్తుక్కొళ్ అనే తమిళ మాట, బెంగుళూరు, బళ్లారి పిల్లలకు సహిసికొళ్ళు అనే కన్నడ మాట, బరంపురం పిల్లలకు సహిబా అనే ఒడియా మాట ఎలాగూ వచ్చు. ఇంట్లో ఓర్చుకో అనే తెలుగు ఉంది. రెండు భాషలు నోట్లో ఉన్న పిల్లవాడికి మూడోదానిని చెప్పేటప్పుడు ఆ రెంటినీ ప్రక్కన పెట్టి చెప్పండి, త్వరగా అందుకొంటాడు.

ఇక అసలు చిక్కు. మన దేశపు ఇంగ్లీషులో పుట్ అప్ అనే మాటకు వేరొక వాడుక బాగా పాతుకుపోయింది. వేర్ ఆర్ యు పుట్ అప్? అంటే ఎక్కడ దిగారు, ఎక్కడ ఉంటున్నారు అని. ఆఫీసులోనైతే ఫైలు పుట్ అప్ చేయడం అంటే పైఅధికారి ముందు పెట్టడం. ఇంగ్లండులో కూడ పుట్ అప్ కు బస చేయడం, బస ఇవ్వడం అనే అర్థం ఉంది గనుక మొదటిది పూర్తిగా మన కల్పన కాదు. లాడ్జిలో దిగితే వి పుట్ అప్ ఎట్ ఎ లాడ్జ్ అనవచ్చు. ఇబ్బంది ఎప్పుడంటే, ఆ పుట్ అప్ తరువాత తెలుగు అలవాటులో తో అనుకొని విత్ తగిలించినప్పుడు.

నర్సు ఉద్యోగం దొరికి మద్రాసు వెళ్లిన ఒక అమ్మాయి తన పెదనాన్నగారి ఇంట్లో ఉంటున్నదనుకోండి. దరఖాస్తులోనో, పై ఊరి స్నేహితురాలికి వ్రాసిన జాబులోనో ఐ యామ్ పుటింగ్ అప్ విత్ మై అంకుల్ అని వ్రాస్తే, మన దేశంలో చాలామంది పెదనాన్నగారి దగ్గర ఉంటున్నాను అని అర్థం చేసుకొంటారు. ఇంగ్లండులోనో అమెరికాలోనో చదివేవాడికి మాత్రం పెదనాన్నగారిని ఎలాగో భరిస్తున్నాను అని వినబడుతుంది. చెంచాడు అన్నం పెట్టిన మనిషికి ఎంత మాట! ఐ యామ్ స్టేయింగ్ విత్ మై అంకుల్ అని వ్రాస్తే ఏ గొడవా లేదు. బస అనే అర్థంలో విత్ కావలసివస్తే స్టే వాడండి, పుట్ అప్ ను వదిలేయండి. మా సలహా ఇదే.

మన సంఘాల వారికి ఇది మరీ ముఖ్యం. ఎసోసియేషన్ కూటాలకు, యౌవనుల శిబిరాలకు ఊరు వెళ్లి విశ్వాసుల ఇండ్లలో దిగుతాం. తిరిగి వచ్చాక కృతజ్ఞతగా ఇంగ్లీషులో ఒక జాబు వ్రాయాలనుకొంటాం. వి పుట్ అప్ విత్ యువర్ ఫ్యామిలీ ఫర్ త్రీ డేస్ అని వ్రాశామంటే, మీ కుటుంబాన్ని మూడు రోజులు ఓర్చుకొన్నాము అని చెప్పినట్టే! వ్రాయవలసిన వాక్యాలు రెండున్నాయి, రెండూ మర్యాదైనవే. థాంక్యూ ఫర్ పుటింగ్ అస్ అప్: మాకు బస ఇచ్చినందుకు వందనాలు. ఇక్కడ అస్ అనేది పుట్ కు అప్ కు మధ్యలో కూర్చుంది, విత్ లేదు. రెండోది, థాంక్యూ ఫర్ పుటింగ్ అప్ విత్ అస్: మమ్మల్ని, మా పిల్లల అల్లరిని ఓర్చుకొన్నందుకు వందనాలు. ఇది తమను తాము తగ్గించుకొంటూ, కాస్త నవ్వుతూ చెప్పే మాట. మొదటిది ఆతిథ్యానికి, రెండోది సహనానికి. రెండూ కలిపి వ్రాసినా బాగానే ఉంటుంది.

ఓర్చుకోవడం అనే అర్థం ఈ మాటకు ఎలా వచ్చింది? పాత ఇంగ్లీషు వాడుకలో పుట్ అప్ అంటే లోపల పెట్టేయడం, సర్ది దాచడం కూడ. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, యోహాను సువార్త 18వ అధ్యాయంలో పేతురును కత్తి ఒరలో పెట్టమన్న చోట వాడిన క్రియ ఇదే. దూసిన కత్తిని ఒరలో పెట్టినట్లు, ఎదుటివాడు చేసిన అవమానాన్ని కూడ బదులు తీర్చుకోకుండ లోపల పెట్టేసుకోవచ్చు గదా. అలా అవమానాన్ని పుట్ అప్ చేయడం అంటే దిగమ్రింగి ఊరుకోవడం అయింది. షేక్స్పియర్ తన ఒథెల్లో నాటకంలో విత్ లేకుండానే ఈ అర్థంలో వాడాడు. విత్ తరువాతి కాలంలో చేరి స్థిరపడింది. మనం కడుపులో పెట్టుకొన్నాం, వారు ఒరలోనో జేబులోనో పెట్టుకొన్నారు. చోటు వేరైనా పని ఒకటే.

బైబిలు ప్రస్తావన వచ్చింది గనుక మరొక సంగతి. మన సంఘాలలో యువతీయువకులు చాలామంది ఇప్పుడు న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ అనే ఇంగ్లీషు బైబిలు చదువుతున్నారు. 1978లో పూర్తి బైబిలుగా వెలువడినది అది. అందులో మార్కు 9:19, 2 కొరింథీయులకు 11వ అధ్యాయం, 2 తిమోతి 4:3 చూడండి. మూడు చోట్లా పుట్ అప్ విత్ కనబడుతుంది. ఎఫెసీయులకు 4:2, కొలొస్సయులకు 3:13 తీస్తే అక్కడ పుట్ అప్ విత్ లేదు, బేర్ విత్ అని ఉంది. గ్రీకు మూలంలో మాత్రం ఈ అయిదు చోట్లా ఉన్నది ఒకే క్రియ, అనెఖొమై. మన తెలుగు బైబిలు కూడ సహించు అనే ఒకే మాటతో సరిపెట్టింది. మరి ఇంగ్లీషువారు ఎందుకు విడదీశారు? ఆ వచనాలను ప్రక్కప్రక్కన చదివితే తెలుస్తుంది. మార్కులో అవిశ్వాసాన్ని చూచి విసిగిన గొంతు ఉంది. కొరింథీయులలో పౌలు ఎత్తిపొడుస్తున్నాడు: మిమ్మల్ని దోచుకొనేవారిని, చెంపమీద కొట్టేవారిని సైతం ఓర్చుకొంటున్నారే అని. తిమోతికి వ్రాసినచోట జనం మంచి బోధను ఓర్చుకోరు అంటున్నాడు. ఎఫెసీయులలో, కొలొస్సయులలో విసుగు లేదు, ప్రేమతో ఒకరి బరువు ఒకరు మోసే మాట అది.

ఇదే నేటి ఇంగ్లీషులో ఈ రెండు మాటలకు ఉన్న తేడా. పుట్ అప్ విత్ లో లోలోపల ఒక మూలుగు ఉంటుంది. బేర్ విత్ లో ఓపిక ఉంటుంది. అందుకే టెలిఫోనులో ఒక నిమిషం ఆగమనాలంటే ప్లీజ్ బేర్ విత్ మి అంటారు గాని ప్లీజ్ పుట్ అప్ విత్ మి అనరు. మందిరం మరమ్మతు జరుగుతున్నప్పుడు గోడకు అంటించే కాగితం మీద కూడ బేర్ విత్ అస్ అనే ఉండాలి. ఆ బేర్ స్పెల్లింగులో బి తరువాత ఇ, ఎ, ఆర్ రావాలి. ఎ, ఆర్, ఇ వ్రాస్తే బట్టలు విప్పడం అనే అర్థం వస్తుంది. ప్రకటనల బోర్డులపై ఈ పొరపాటు కొల్లలు. 1611 నాటి బైబిలు చదివే పెద్దలు ఇంకొకటి గమనించాలి. అందులో మార్కు 9:19లో ఓర్చుకొనుటకు సఫర్ అనే మాట ఉంది. అదే సఫర్ మార్కు 10:14లో చిన్నబిడ్డలను రానియ్యుడి అనే అర్థంలో ఉంది. అక్కడ బాధ ఏమీ లేదు, అనుమతి మాత్రమే.

ఐ కాంట్ స్టాండ్ అనేదానికి, దీనికి కూడ తేడా చెప్పాలి. స్టాండ్ మనసులోని అయిష్టాన్ని చెబుతుంది. పుట్ అప్ విత్ నడవడిని చెబుతుంది. బెజవాడ ఎండ నాకు గిట్టదు, అయినా పడి ఉంటున్నాను అనాలంటే రెండూ ఒకే వాక్యంలో వస్తాయి: ఐ కాంట్ స్టాండ్ ద హీట్, బట్ ఐ పుట్ అప్ విత్ ఇట్. ఇక రైలులో మనం వాడే అడ్జస్ట్ సంగతి: కొంచెం అడ్జస్ట్ చేసుకోండి అంటే ఇంగ్లీషువాడు కుర్చీ మీటను వెదుకుతాడు.

ఇంతకంటె పెద్ద విషయం అర్జీల గురించి. ఈ మాటలో లోపల మూలుగు ఉన్నా, పైకి వినబడేది ఓర్చుకొంటున్నాం అన్నదే. మురుగునీరు వీధిలో నిలుస్తున్నదని మునిసిపాలిటీకి అర్జీ పెడుతూ వి ఆర్ పుటింగ్ అప్ విత్ ద డ్రైనేజ్ వాటర్ ఫర్ టూ ఇయర్స్ అని వ్రాశారనుకోండి. వ్యాకరణం సంగతి సరే, వి హావ్ బీన్ పుటింగ్ అప్ విత్ అని ఉండాలి. అసలు లోపం వేరు. చదివే గుమాస్తాకు రెండేండ్లు ఓర్చుకొన్నవారు ఇంకో ఆరు నెలలు ఓర్చుకొంటారులే అనిపిస్తుంది. వాక్యాన్ని అక్కడ ఆపకూడదు. వి హావ్ పుట్ అప్ విత్ దిస్ ఫర్ టూ ఇయర్స్ అండ్ కెనాట్ డు సో ఎనీ లాంగర్ అని ముగించి, వెంటనే ఏ తేదీ నుండి నీరు నిలుస్తున్నది, ఎన్ని ఇండ్లకు ఇబ్బంది, ఇంతకు ముందు పెట్టిన అర్జీ ఏ తేదీది, ఇప్పుడు ఏమి చేయాలని కోరుతున్నారు అన్నవి వ్రాయాలి. అధికారిని కదిలించేది ఆ వివరాలు. అలాగే ఉద్యోగపు దరఖాస్తులో ఐ కెన్ పుట్ అప్ విత్ నైట్ షిఫ్ట్స్ అంటే మూతి ముడుచుకొని వస్తానన్నట్టు ఉంటుంది. ఐ యామ్ విల్లింగ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్ అనండి.

ఈ మాట మోయలేని బరువులు కూడ ఉన్నాయి. పుట్ అప్ విత్ చికాకులకు, అసౌకర్యాలకు సరిపోతుంది: దోమలు, ప్రక్కింటి రేడియో, అత్తగారి సణుగుడు, ఆలస్యపు బస్సు. భర్త తాగి కొట్టే దెబ్బలకు ఇది చాలదు. అటువంటి ఇంటి నుండి బయటపడాలని వచ్చిన ఒక సహోదరి తరఫున పిటిషను వ్రాసి పెట్టవలసి వస్తే షి పుట్ అప్ విత్ ద బీటింగ్స్ అని తేలికగా వ్రాయకండి. జరిగినది జరిగినట్లు వ్రాయండి: ఏ రోజు, ఎక్కడ, దేనితో కొట్టాడు, ఎవరు చూచారు, ఏ ఆసుపత్రిలో కట్టు కట్టారు. గృహహింస నుండి స్త్రీల రక్షణకు 2005లో చేసిన చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉంది. దెబ్బలే కాదు, మాటలతో హింసించడం, డబ్బు ఇవ్వకుండ మాడ్చడం కూడ దాని క్రిందికి వస్తాయి. ఆ చట్టం క్రింద సహాయం కోరే ఆమెకు ముఖ్యమైనది జరిగిన సంగతి, ఎంతకాలం ఓర్చుకొన్నది అన్న పొగడ్త కాదు.

ఇక్కడే ఇంకొక ఇంగ్లీషు మాటను వేరుచేసి చెప్పాలి: కాండోన్. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో ఈ మాట ఉంది. భాగస్వామి వ్యభిచారం కారణంగా విడాకులు కోరినవారు ఆ తప్పును కాండోన్ చేశారా అని కోర్టు చూస్తుంది. కాండోన్ అంటే తెలిసి తెలిసి ఆ తప్పును క్షమించి తిరిగి కలిసిపోవడం. గత్యంతరం లేక, పిల్లల కోసం, పుట్టింటివారు దూరంగా ఉండి ఒకే కప్పు క్రింద పడి ఉండడం పుట్ అప్ విత్. రెండూ తెలుగులో ఊరుకొన్నది అనే ఒక్క మాటగానే చెబుతాం, ఆ తెలుగును ఇంగ్లీషు చేసేవాడు పొరబాటున కాండోన్ అని వ్రాస్తే ఆమెకే నష్టం. వకీలుగారు వ్రాసిన కాగితాన్ని సంతకం పెట్టే ముందు ఆమెకు తెలుగులో చదివి వినిపించమని అడగండి. బంధువులు లేని పరాయి రాష్ట్రంలో ఈ పని సంఘపు పెద్దలమీదనే పడుతుంది.

సహించు అనే మాటను మనం మందిరంలో వింటాం, ఇంట్లో వింటాం. అయితే ఎఫెసీయుల పత్రికలోని సహించుట ఒకరినొకరు సహించుట. ఇద్దరూ చేసే పని. ఒక్కరే చేస్తూ, రెండోవారు చేయించుకొంటూ ఉంటే దానిని పౌలు కొరింథీయులతో ఎలా అన్నాడో పైన చూచాం, మెచ్చుకోలుగా అనలేదు. ఓర్చుకో తల్లీ అని ఎవరికైనా చెప్పబోయే ముందు ఇది ఏ సహించుట అని ఆలోచించవలసిన బాధ్యత చెప్పేవారిది.

చిన్న మాటలు రెండు మిగిలాయి. పుట్ అప్ టు అంటే ఎగదోయడం: హూ పుట్ యు అప్ టు దిస్? ఎవరు నిన్ను ఎగదోశారు? పుట్ అప్ జాబ్ అంటే ముందే కుట్ర చేసి నడిపిన వ్యవహారం. విత్ ఒక్కటి పోతే అర్థం ఎంత దూరం పోతుందో చూడండి. వాక్యాన్ని విత్ తో ముగించవచ్చా అని ఉపాధ్యాయులు కొందరు సందేహిస్తారు. నిస్సంకోచంగా ముగించవచ్చు. దిస్ ఈజ్ సమ్‌థింగ్ ఐ వోంట్ పుట్ అప్ విత్ అన్నది చక్కని ఇంగ్లీషు. చివర విత్ ఉండరాదని పట్టుబట్టినవారిని వెక్కిరించడానికి అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్ అనే హాస్యం పుట్టింది. దానిని చర్చిల్ కు అంటగట్టారు గాని ఆయనే అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు.

ఇంట్లో పిల్లలచేత ఈ నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పించండి. ఒకటి, ఈ వాసన ఇక ఓర్చుకోలేను. రెండు, మా పిన్నిగారు మాకు రెండు రాత్రులు బస ఇచ్చారు. మూడు, మా తాతగారు నా అల్లరి ఓర్చుకొన్నారు. నాలుగు, దయచేసి ఒక నిమిషం ఓపిక పట్టండి. జవాబులు: ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ స్మెల్ ఎనీ లాంగర్. మై ఆంట్ పుట్ అస్ అప్ ఫర్ టూ నైట్స్. మై గ్రాండ్‌ఫాదర్ పుట్ అప్ విత్ మై మిస్చిఫ్. ప్లీజ్ బేర్ విత్ మి ఫర్ ఎ మినిట్. రెండోదానిలో విత్ చేర్చిన పిల్లవాడిచేత పిన్నిగారికి క్షమాపణ జాబు కూడ ఇంగ్లీషులోనే వ్రాయించండి.